బస్కీలకు అందని కండరం

తెలుగునాట తొడల సాధన అనగానే ముందు గుర్తొచ్చేవి బస్కీలే. కోస్తాలో సాము గరిడీలు, నిజాం ఏలుబడిలో తాలీంఖానాలు పహిల్వాన్లను తయారుచేశాయి. పేర్లు వేరైనా గోదాలో సాధన దాదాపు ఒకటే: దండీలు, బస్కీలు, గద తిప్పడం, కుస్తీ. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉండి, తర్వాత సర్కస్ నడిపి, గొలుసులు తెంచి, ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకుని కలియుగ భీముడనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు ఆ కాలపు మల్లుడే.

బస్కీలు తొడ ముందు భాగాన్నీ పిరుదులనూ గట్టిపరుస్తాయి. తొడ వెనకనుండే హామ్‌స్ట్రింగ్ కండరాలకు మాత్రం వాటివల్ల దక్కేది తక్కువ. ఇవి కూర్చునే ఎముక దగ్గర మొదలై మోకాలు దాటి కిందికి అతుక్కుంటాయి. మనిషి గొంతుక్కూర్చున్నప్పుడు తుంటి దగ్గర సాగినంతా మోకాలి దగ్గర వదులవుతుంది. కండరం పొడవు పెద్దగా మారదు కాబట్టి దాని మీద ఒత్తిడీ అంతగా పడదు. రోజుకు వందల బస్కీలు తీసినా ఈ లోటు తీరదు.

ఆ లోటును కొంతవరకు పని తీర్చింది. ఖమ్మం జిల్లా సత్తుపల్లి పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్లు మోకాళ్లు పెద్దగా వంచకుండా తుంటి దగ్గర వంగి నడుస్తారు. తొడ వెనక భాగం గంటల తరబడి సాగి ఉంటుంది, కానీ బరువు ఉండదు. నేల మీది ధాన్యం బస్తాను పైకి లేపే హమాలీకి సాగుదలా బరువూ రెండూ కలిసొస్తాయి. ఉత్తరాంధ్ర ఊళ్లలో సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తే పోటీల్లోనూ తుంటి వంచి బరువు లేపడమే అసలు పని. పోటీ పేరుతో ఊళ్లు కాపాడుకున్న గొప్ప వ్యాయామమది.

ఆ ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం జిల్లా నుంచే కరణం మల్లీశ్వరి వచ్చింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమే. బార్ నేల విడిచి పైకి లేస్తున్నప్పుడు వీపు నిటారుగా ఉంచి తుంటిని తెరిచేది పిరుదులూ, ఈ వెనక కండరాలే. జిమ్ముల్లో చేసే రుమేనియన్ డెడ్‌లిఫ్ట్‌దీ ఇదే కదలిక.

ఈ కండరాలకు మోకాలి వైపు పని ఇంకా మిగిలే ఉంటుంది. దానికి నార్డిక్ వ్యాయామం ఉంది. మోకాళ్ల మీద నిలబడి, చీలమండలను తోటివాడు పట్టుకోగా, ఒళ్లు నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలాలి. 2011లో వెలువడిన డెన్మార్క్ పరిశోధనలో 942 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లను గమనించారు. ఈ వ్యాయామం చేసిన జట్లలో హామ్‌స్ట్రింగ్ గాయాలు 15, చేయని జట్లలో 52.

పరుగెత్తే, కబడ్డీ ఆడే పిల్లలకు బస్కీలు మాన్పించక్కర్లేదు. వాటికి తోడు తుంటి వంచి బరువెత్తే వ్యాయామం ఒకటి, మోకాలి దగ్గర పట్టు పెంచేది ఒకటి నేర్పాలి. రెండోదానికి మెత్తటి చాప, కాళ్లు పట్టుకునే స్నేహితుడు ఉంటే చాలు కనుక సత్తుపల్లి బడి మైదానంలోనూ రేపే మొదలుపెట్టవచ్చు.