రోడ్డు వేసిన వాళ్ళ పేర్లు

అరకు రైలెక్కిన ప్రతివాడూ సొరంగాలు లెక్కపెడతాడు. 58 అని చెప్పుకుంటారు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు చేరి జపాన్ వెళ్ళడానికి 1960లలో వేసిన లైను అది. సొరంగాల లెక్క అందరికీ తెలుసు. వాటిని తొలిచిన కూలీల పేర్లు అడగండి. ఎవరూ చెప్పలేరు.

ఈ కొండల్లో ఇది కొత్త కాదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదయింది. పోడు నేరమయింది. పొట్టకోసం కత్తి పట్టి పొద కొట్టినవాడు దొంగయ్యాడు. ఆ తర్వాత రోడ్లొచ్చాయి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత రాళ్ళు కొట్టించాడు, మట్టి మోయించాడు. న్యాయమైన కూలి ఇవ్వలేదు. తెల్లవాడు, గుమాస్తా, షావుకారు ఎక్కి రావడానికి కొండవాడు తన వీపు మీదే దారి వేసిపెట్టాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఈ తేదీలు పాఠాల్లో ఉన్నాయి. అల్లూరి పేరు అందరికీ తెలుసు, 2022లో ఆ పేరు మీద జిల్లాయే వచ్చింది. కాని ఆ కోపం ఎక్కడ పుట్టింది? రోడ్డు పనిలో పుట్టింది. ఆ పని చేసిన బగతలు, కొండదొరలు ఎవరు? కాగితాల్లో వాళ్ళకి ఒకటే పేరు: కూలీలు. తిరగబడ్డాక ఇంకో పేరు: ఫితూరీదార్లు.

ముస్లింలుగా మనం ఈ కథలో మన పేరు వెతుక్కుంటాం. దొరుకుతుంది కూడా. పోలవరంలో అధికారిగా ఉన్న ఫజలుల్లా, నిఘాలో ఉన్న రామరాజుకు అండగా నిలిచి పైడిపుట్టలో భూమి ఇప్పించాడని చెబుతారు. ఆ పేరు వినగానే ఛాతీ ఉప్పొంగుతుంది. నాకూ ఉప్పొంగింది. తర్వాత సిగ్గేసింది. మాకు కావలసింది ఒక మంచి ఆఫీసరేనా? మా తాత దూది ఏకేవాడు. ఆయన పేరు ఏ రికార్డులోనూ లేదు. నవాబులనూ ఆఫీసర్లనూ చూపించి ఇదే మా చరిత్ర అంటే, మా తాతను మేమే రెండోసారి పూడ్చిపెట్టినట్టు.

మన చుట్టరికం మరోచోట ఉంది. 1921లో మాప్పిళ్ళ తిరుగుబాటు కాలంలో పుట్టిన మలబార్ స్పెషల్ పోలీసుల్ని మరుసటేడే గూడెం కొండలెక్కించారు. మాప్పిళ్ళ ఖైదీలను అండమాన్ పంపారు. గాం మల్లుదొరకు పడిన ఉరిశిక్షను ద్వీపాంతరంగా మార్చి ఆయన్నీ అక్కడికే పంపారు. మలబారులో సాయిబు, మన్యంలో దొర. ఒకే లాఠీ, ఒకే సముద్రం. ఇద్దరి వెనకా ఉన్నది భూమి గొడవే. ఒకరిది మతపిచ్చి అన్నారు, ఇంకొకరిది అడవి మొరటుతనం అన్నారు. కౌలు సంగతి, కూలి సంగతి మరుగున పడ్డాయి.

మల్లుదొర బతికి వచ్చాడు. 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. అందుకే ఆయన పేరైనా మిగిలింది. గెలవనివాళ్ళ మాటేమిటి?

వాళ్ళను వెతకడానికి లండన్ పోనక్కర్లేదు. పాత కేసు కాగితాల్లో ముద్దాయిల జాబితాలుంటాయి. అక్కడ ఊరి పేరుంటుంది, తండ్రి పేరుంటుంది. ఆ కాగితం పట్టుకుని ఆ ఊరికి పోవాలి. సంతలో కూర్చున్న ముసలమ్మను అడగాలి. రోడ్డు పనికి పోయి రానివాడు ఆమెకు తాతో, పెదనాన్నో అయి ఉంటాడు. ఆమె చెప్పింది ఆమె మాటలోనే రాసుకోవాలి. తిరిగి వెళ్ళి ఆమెకే చదివి వినిపించాలి. అలాగే మన వాడల్లోనూ దూదేకులవాణ్ణి, కసాబును, జట్కా తోలినవాణ్ణి అడిగి రాసుకోవాలి.

మన పేరు చరిత్రలో లేదని ఏడవడం ఒక పని. రోడ్డేసినవాడి పేరు పక్కన మన తాత పేరు రాయడం ఇంకో పని. ఈ రెండోది ఇంతవరకు మనం మొదలుపెట్టలేదు.