కట్టడాన్ని చదవడం: మెదక్ చర్చి

చరిత్రకు ఆధారాలనగానే మనకు శాసనాలు, నాణేలు, దస్తావేజులు గుర్తుకు వస్తాయి. కట్టడం కూడా ఆధారమే. కాని దాన్ని చదవడం నేర్చుకోవాలి. ఇందుకు హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెదక్ చర్చిని ఉదాహరణగా తీసుకుందాం.

శైలి, కాలం

ఊరు సమీపిస్తుండగానే సుమారు 175 అడుగుల గంట గోపురం కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే మొనదేలిన కమానులు, లోపల పెద్ద రాతి స్తంభాలు, ఎత్తైన పైకప్పు. ఇవి గోథిక్ శైలి లక్షణాలు. ఈ శైలి 12వ శతాబ్దంలో ఫ్రాన్సులో రూపుదిద్దుకున్నది. అంతమాత్రాన ఈ చర్చి మధ్యయుగాలది కాదు. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో గోథిక్ శైలికి మళ్ళీ ఆదరణ లభించింది. నిజాం పాలనలోని మెదక్‌కు వెస్లియన్ మిషనరీల ద్వారా ఆ శైలి వచ్చింది. చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో పనులు మొదలై, 1924 డిసెంబరు 25న చర్చి ప్రారంభమైంది. శైలిని మాత్రమే చూసి కాలాన్ని నిర్ణయించరాదన్నది ఇక్కడ మొదటి పాఠం.

రంగుటద్దాల కిటికీలు

క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం అనే మూడు ఘట్టాలు ఈ కిటికీలలో కనిపిస్తాయి. ఇవి 1924 నాటివి కావు. 1927, 1947, 1958 సంవత్సరాలలో ఒక్కొక్కటిగా చేరాయి. అంటే, ప్రారంభోత్సవంతో కట్టడం చరిత్ర ముగియదు. ఒకసారి నేను చీకటి పడ్డాక చేరుకున్నాను. కిటికీలు నల్లని పలకల్లా ఉన్నాయి. మరునాడు ఉదయం వెళ్తే అవే కిటికీలు వెలుగుతున్నాయి. బయటి సూర్యకాంతి లోపలికి ప్రసరిస్తేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి.

కరువు, కూలి

కరువులో అలమటిస్తున్నవారికి పని కల్పించడానికే ఈ చర్చి కట్టించారని స్థానికంగా చెబుతారు. తేదీలతో సరిచూద్దాం. 1918లో వర్షాలు లేక దక్కనులో కరువు వచ్చింది. ఇన్‌ఫ్లుయెంజా కూడా అదే ఏడాది ప్రబలింది. 1914లో మొదలైన పనికి 1918 నాటి కరువు కారణం కాజాలదు. అయితే పని సాగుతున్న కాలంలోనే ఆ కరువు వచ్చింది కనుక, ఆకలిగొన్నవారికి అది ఆధారమై ఉండటం సహజం. కరువు కాలంలో కట్టడాల ద్వారా పని కల్పించడం మన దేశంలో కొత్త కాదు. లక్నోలోని బడా ఇమాంబాడాను 1784 నాటి కరువులో అవధ్ నవాబు అసఫ్-ఉద్-దౌలా ప్రారంభించాడు.

ఇలాంటి పనిని దానంగా చూడాలా, శ్రమకు దక్కిన కూలిగా చూడాలా? కట్టించినవారి వైపు నుంచి చూస్తే అది సాయం. రాళ్ళు మోసినవారి వైపు నుంచి చూస్తే వారు చెమటోడ్చి సంపాదించుకున్న తిండి. రెండూ నిజమే. కాని పోస్నెట్ పేరు మనకు తెలిసినట్లుగా ఆ కూలీల పేర్లు తెలియవు. ఈ చర్చికి వెళ్ళినప్పుడు గోపురంతో పాటు గోడలోని రాళ్ళను కూడా తాకి చూడండి. అవి వారి చేతుల పని.

అభ్యాసం: మీ ఊరిలోని ఒక పాత కట్టడాన్ని చూసి, దాన్ని ఎవరు కట్టించారో, ఎవరు కట్టారో వేరువేరుగా రాయండి.