షాబాదు బండల విలువ

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. ఆ తరువాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి వీధులను వెడల్పు చేసింది. పత్తర్‌గట్టీలోని రాతి దుకాణాల వరుస ఆ బోర్డు కట్టించినదే.

ఆనాటి ఇళ్ళకు సున్నపు గోడలు, టేకు తలుపులు, రంగుటద్దాల కిటికీలు, నేలకు షాబాదు బండలు ఉండేవి. షాబాదు ఉన్న గుల్బర్గా జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. కనుక అది మన ఇంటి రాయే.

పాతబస్తీలోని మా ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టినప్పుడు నేల అద్దంలా మెరవాలని పిల్లలు ముచ్చటపడ్డారు. కాదనలేకపోయాను. చేరిన నెలలోనే నా శ్రీమతి వంటింట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగి మూడు నెలలు మంచం పట్టింది.

అప్పుడు, అదృష్టవశాత్తు పారవేయక దాచిన పాత బండలను, పాలిష్ పెట్టించకుండా వంటింట్లోనూ వరండాలోనూ పరిపించాను. వీధి తలుపు రెక్క భోజనాల బల్ల అయింది. రంగుటద్దాలు బాల్కనీ కిటికీకి అమరాయి. వచ్చినవారు ఎంత ఖర్చయిందని అడుగుతారు. కూలి ఖర్చే!

తోటి పెన్షనర్లకు నా మనవి ఒక్కటే. ఇల్లు బిల్డరు చేతికి ఇచ్చే ముందు బండలు, తలుపులు మీవేనని ఒప్పందంలో రాయించుకోండి. ఈనాడు మా ఆవిడ ఆ బండల మీద కర్ర లేకుండా నడుస్తోంది.