శాఖలు మారినా మారని స్థితి: ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంత ప్రజారోగ్య చరిత్ర

నెల్లూరు జిల్లాకు పెన్నా డెల్టా వరి పొలాల వల్ల పేరు వచ్చింది. జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల స్థితి వేరు. ఇది ప్రధానంగా వర్షాధారమైన మెట్ట; తాగునీటికి చిరకాలం బావులు, ఆ తరువాత బోర్లే ఆధారం. ఉదయగిరి నుండి జిల్లా కేంద్రానికి దాదాపు 100 కిలోమీటర్లు. ప్రజారోగ్య వ్యవస్థను పదేపదే పునర్వ్యవస్థీకరించినా ఫలితం ఎందుకు పరిమితమయిందో ఈ నీరు, ఈ దూరమే తెలుపుతాయి.

భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది నాటి నెల్లూరు జిల్లాలోనే, 1937లో. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం మంచినీటి సరఫరాను స్థానిక సంస్థల బాధ్యతల్లో చేర్చింది. వ్యాధికి కారణమేమిటో, బాధ్యత ఎవరిదో అప్పటికే తెలుసు. 1970లో కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు నుండి విడిపోయి, తరువాత ప్రకాశం అని పేరు పొందిన జిల్లాలో చేరాయి. జిల్లా సరిహద్దు మారింది గాని భూగర్భ జలం మారలేదు. ఉదయగిరి మెట్టలోనూ ఫ్లోరైడ్ సమస్య కొనసాగింది.

చికిత్స, నివారణ ఒకే యంత్రాంగం కింద ఉండాలని భోర్ కమిటీ 1946లో సూచించింది. ఆచరణ ఇందుకు భిన్నంగా సాగింది. 1986 చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్తుకు ద్వితీయ స్థాయి ఆసుపత్రులు వెళ్ళాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య సంచాలకుల వద్ద, బోధనాసుపత్రులు వైద్యవిద్య సంచాలకుల వద్ద ఉన్నాయి. గ్రామీణ తాగునీరు పంచాయతీరాజ్ పరిధిలోనిది. ఉదయగిరి నుండి ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరే రోగికి దారిలో అధికార పరిధులు మారుతాయి. మొదటి నుండి చివరి వరకు అతని ఆరోగ్యానికి జవాబుదారీ అయిన కార్యాలయం మాత్రం ఒక్కటీ ఉండదు.

తరువాతి సంస్కరణలు నిష్ప్రయోజనమని చెప్పడం సరికాదు. 2005లో వచ్చిన 108 వాహనం దూరాన్ని కొంత జయించింది. 2007 నాటి ఆరోగ్యశ్రీ పేదలకు శస్త్రచికిత్సల ఖర్చు భారాన్ని తగ్గించింది. అయితే ఫ్లోరోసిస్ వల్ల వంగిన ఎముకను పూర్వస్థితికి తెచ్చే చికిత్స లేదు; దానికి నివారణ ఒక్కటే మార్గం. బీమా ఆసుపత్రిలో చేరిన రోగికి చెల్లిస్తుంది, వ్యాధి రాకుండా ఆపిన నీటికి చెల్లించదు.

పునర్వ్యవస్థీకరణ సాధారణంగా ఎవరు ఎవరికి నివేదించాలో నిర్ణయిస్తుంది. ఊరిలో ఏ నీరు తాగుతున్నారు, వైద్యుడు అక్కడ నివసిస్తాడా, రోగికి ఎవరు జవాబు చెప్పాలి అనే ప్రశ్నలు ఆ పరిధికి వెలుపలే మిగులుతాయి. ఈ మెట్ట ప్రాంతంలో ఏ సంస్కరణనైనా అంచనా వేయవలసింది ఆ మూడు ప్రశ్నలతోనే.