గుర్బత్‌కు రెండో అర్థం: ‘పెర్సెపొలిస్’ చెప్పిన ఇరాన్ తారీఖ్

మన ఇళ్లలో గరీబ్ అంటే చేతిలో పైసా లేనివాడు. గుర్బత్ అంటే లేమి. ఇరాన్ ఫార్సీలో మాత్రం ఈ మాటల పాత అర్థం ఇంకా బతికే ఉంది. అక్కడ గరీబ్ అంటే తనది కాని చోట ఉన్నవాడు, గుర్బత్ అంటే వతన్‌కు దూరంగా ఉండటం. ఉర్దూ మీడియంలో చదివే రోజుల్లో షాయరీ పాఠంలో ఈ మాట వచ్చినప్పుడల్లా మా ఉస్తాద్ ఆగి, ఈ రెండో అర్థం చెప్పి ముందుకు వెళ్లేవారు. అప్పట్లో పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఆ మాట బరువెంతో మనసుకు పట్టింది మాత్రం ‘పెర్సెపొలిస్’ అనే యానిమేషన్ సినిమా చూశాకే.

2007లో ఫ్రాన్స్‌లో వచ్చిన సినిమా ఇది. తీసినవాళ్లు మర్జాన్ సత్రాపీ, విన్సెంట్ పరొన్నో. 2000 నుంచి 2003 దాకా నాలుగు భాగాలుగా ఫ్రెంచ్‌లో వెలువడిన సత్రాపీ బొమ్మల పుస్తకమే దీనికి మూలం. ఆమె సొంత బతుకే కథ. కాన్‌లో జ్యూరీ ప్రైజ్ వచ్చింది, తర్వాత ఆస్కార్‌కు నామినేట్ అయింది. కంప్యూటర్ హంగులు లేవు, చేత్తో గీసిన బొమ్మలు. గతమంతా నలుపు తెలుపుల్లో ఉంటుంది. పారిస్ ఎయిర్‌పోర్ట్‌లో టెహ్రాన్ విమానం ఎక్కలేక కూర్చుండిపోయిన మర్జాన్ మాత్రమే రంగుల్లో కనిపిస్తుంది.

పెర్సెపొలిస్ అన్నది గ్రీకులు పెట్టిన పేరు. ఇరానీలు దాన్ని తఖ్తె జమ్షీద్ అంటారు. షీరాజ్‌కు దగ్గర్లో ఉన్న పాత రాజధాని శిథిలాలవి. 1971లో షా మొహమ్మద్ రెజా పహ్లవీ అక్కడే డేరాలు వేయించి, దేశదేశాల రాజులను పిలిచి 2500 ఏళ్ల బాద్షాహత్ జశ్న్ చేశాడు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి బాద్షా లేడు, తఖ్త్ లేదు.

ఆ ఎనిమిదేళ్లు అర్థం కావాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. సినిమా కూడా వెళ్తుంది. చిన్నారి మర్జాన్‌కు షా అంటే గొప్ప. అల్లాహ్ ఎంచిన రాజు అని స్కూల్లో చెప్పారు. అప్పుడు వాళ్ల అబ్బా కూర్చోబెట్టి అసలు సంగతి చెబుతాడు. తోలుబొమ్మలాటలా సాగే సీన్ అది. షా తండ్రి రెజా ఖాన్ ఒక ఫౌజీ. 1921లో తిరుగుబాటు చేసి, 1925లో షా అయ్యాడు. అతని వెనుక ఇంగ్లీషువాళ్లున్నారు, వాళ్ల కళ్లు తేల్ మీద ఉన్నాయి. 1951లో ప్రధాని మొహమ్మద్ ముసద్దిక్ ఆ తేల్ పరిశ్రమను జాతీయం చేస్తే, 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కుట్ర పన్ని ఆయనను దించాయి. షా పట్టు బిగిసింది. 1957లో సావాక్ అనే ఖుఫియా పోలీస్ వచ్చింది. జైళ్లు నిండాయి.

ఆ జైళ్లలో నిండినవాళ్లలో మర్జాన్ ఖాందాన్ మనుషులూ ఉన్నారు. అనూష్ అంకుల్ కథ వింటే గుండె బరువెక్కుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అజర్‌బైజాన్ ప్రాంతం ఇరాన్ నుంచి విడిగా పాలించుకోవాలని చూసినప్పుడు అతను ఆ పక్షాన నిలిచాడు. అది కూలిపోతే సోవియట్ దేశానికి పారిపోయాడు. తిరిగొస్తే షా జైల్లో పెట్టాడు. 1979 జనవరి 16న షా దేశం విడిచాడు. ఫిబ్రవరి 1న ఆయతుల్లా ఖొమైనీ పద్నాలుగేళ్లకు పైగా సాగిన జిలావతనీ ముగించుకుని టెహ్రాన్‌లో దిగారు. ఖైదీలు బయటికొచ్చారు, అనూష్ కూడా. జైల్లో రొట్టెను ముద్ద చేసి తయారుచేసిన హంసబొమ్మను పాపకు ఇచ్చాడు. ఇన్‌ఖిలాబ్ మనదే అన్నాడు. కొన్నాళ్లకే కొత్త హుకూమత్ అతన్ని మళ్లీ పట్టుకుంది. మౌత్ సజా ముందు ఒక్కరినే కలవనిస్తామంటే అతను పిలిపించుకున్నది ఆ చిన్నపిల్లనే. షా జైలు చంపలేని మనిషిని ఇన్‌ఖిలాబ్ చంపింది.

1979 ఇన్‌ఖిలాబ్‌లో అందరూ ఉన్నారు. ఉలమాలు, బజార్ వ్యాపారులు, కమ్యూనిస్టులు, విద్యార్థులు, చాదర్ వేసుకున్న ఆడవాళ్లు, వేసుకోనివాళ్లు కూడా. గెలిచాక అది ఒక్కరి చేతుల్లోకి పోయింది. 1980లో యూనివర్సిటీలు మూతబడ్డాయి. అదే ఏడాది సెప్టెంబర్ 22న సద్దాం హుస్సేన్ ఫౌజ్ దండెత్తింది. ఎనిమిదేళ్ల జంగ్. బయట బాంబులు, లోపల పహరా. గుండెజబ్బు మనిషిని ఆపరేషన్‌కు విదేశం పంపాలంటే ఇజాజత్ కావాలి. ఆ కాగితం ఇవ్వాల్సిన ఆసుపత్రి పెద్ద ఒకప్పుడు వాళ్ల బంధువుల ఇంట్లో కిటికీలు తుడిచినవాడు. అంతా అల్లాహ్ మర్జీ అని చేతులు దులుపుకుంటాడు. అతని గత పేదరికాన్ని ఎగతాళి చేయడానికి పెట్టిన సీన్ కాదిది. చేయాల్సిన పని చేయకుండా అల్లాహ్ పేరు అడ్డు పెట్టుకునే మనిషిని మనం ఎక్కడ చూడలేదు?

1983లో, పద్నాలుగేళ్ల వయసులో, అమ్మానాన్నలు మర్జాన్‌ను ఒంటరిగా వియన్నా పంపేశారు. ఇక్కడి నుంచే గుర్బత్ రెండు అర్థాలూ ఒకటైపోతాయి. భాష రాదు, ఇల్లు లేదు. ఒక పార్టీలో ఎవరో ఎక్కడి నుంచి అని అడిగితే ఫ్రెంచ్‌దాన్ని అని అబద్ధం చెబుతుంది. వెంటనే చెవిలో నానీ తిట్లు మోగుతాయి. చివరికి చలికాలం వీధుల్లో పడుకుని, జబ్బుపడి ఆసుపత్రిలో కళ్లు తెరుస్తుంది. ఇంటికి తిరిగొస్తే అక్కడా పరాయిదే. జంగ్ చూసినవాళ్ల ముందు తన కష్టం చెప్పుకోవడానికి సిగ్గు. వియన్నాలో ఇరానీ, టెహ్రాన్‌లో ఫిరంగీ. 1994లో ఫ్రాన్స్‌కు వెళ్లిపోయింది. ఈసారి తిరిగి రావద్దని తల్లే చెప్పి పంపింది.

ఈ సినిమాపై రెండు రకాల తొందరపాటు తీర్పులు విన్నాను. ఒకటి, చూశారా ఇస్లాం అంటే ఇదీ అనడం. ఈ మాటన్నవాళ్లు ముసద్దిక్ సంగతి, సావాక్ సంగతి వచ్చినప్పుడు కళ్లు మూసుకున్నట్టున్నారు. వియన్నాలో ఆ పిల్లకు దొరికిన ఇజ్జత్ ఎంతో కూడా చూడలేదు. రెండోది, ఇది దీన్‌కు దుష్మన్ సినిమా అనడం. పాప కలల్లో అల్లాహ్‌ను గడ్డం ముసలాయనగా గీశారు. ఆ సీన్ నాకూ ఇబ్బందిగానే ఉంది, దాచను. 2011లో ట్యూనీషియాలో ఒక టీవీ చానల్ ప్రసారం చేస్తే దీనిపైనే గొడవలయ్యాయి, చానల్ యజమానికి కోర్టు జుర్మానా వేసింది. కానీ కథ నడక చూడండి. అనూష్‌ను చంపినప్పుడు పాప అల్లాహ్ మీద అలుగుతుంది. ఏళ్ల తర్వాత, బతుకు మీద ఆశ పోయిన రాత్రి, నీ పని ఇంకా కాలేదని వెనక్కి పంపేది కూడా కలలోని ఆ ముసలాయనే. ఈ సినిమా తగాదా జుల్మ్‌తో.

ఈ సినిమాకు వెన్నెముక నానీ. పహరావాళ్ల నుంచి తప్పించుకోవడానికి మర్జాన్ ఒక అమాయకుడి మీద నింద వేస్తుంది. అది నవ్వుతూ చెబితే నానీ మండిపడుతుంది. మీ తాత, మీ అనూష్ ఎందుకోసం జైళ్లకు వెళ్లారో మరిచావా అంటుంది. జాలిమ్‌ను చూసి భయపడితే మనమూ చిన్న జాలిమ్‌లమవుతామని అంత సూటిగా చెప్పిన సీన్ నేను వేరే చోట చూడలేదు.

ఇరాన్ మనకు దూరం కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ హమదాన్ వైపు నుంచి వచ్చాడు. హైదరాబాద్ షహర్‌కు రూపురేఖలు గీసిన మీర్ మోమిన్ అస్తరాబాదీ. మనం తాగే ఇరానీ చాయ్ వెనుకా ఇల్లు వదిలి బతుకుతెరువుకు వచ్చిన మనుషులున్నారు. మన ఖాందాన్లలోనూ 1948 తర్వాత సరిహద్దు దాటిపోయి, ఫొటోల్లో మాత్రమే మిగిలినవాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి మన దాదీలు, నానీలు సగం చెప్పి ఆపేస్తారు.

మర్జాన్‌కు అనూష్ అప్పగించింది కూడా ఇదే, ఖాందాన్ యాద్‌ను పోనివ్వకూడదని. సినిమా పెద్దపిల్లలతో కలిసి చూడండి. చిన్నవాళ్లకు వద్దు, చావులు, తిట్లు ఉన్నాయి. చూశాక టీవీ కట్టేసి, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే ఆ ఫొటోలు బయటికి తీయండి. పేర్లు అడిగి వెనకాల రాసుకోండి.