నొక్కిన కీ, పడిన అక్షరం

టెలిటైపుల కాలంలో కీబోర్డు నుంచి కంప్యూటర్‌కు చేరేది నేరుగా అక్షరమే. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33లో ‘ఎ’ కీ నొక్కితే ఆ యంత్రమే ఆస్కీ సంకేతం 65ను తీగ మీదికి పంపేది. షిఫ్ట్ నొక్కారా, వేలు ఎప్పుడు తీశారు అన్న సంగతులు కంప్యూటర్ దాకా వచ్చేవి కావు. ప్రోగ్రామ్ ఒక అక్షరం అడిగేది, అది వచ్చేదాకా ఆగేది.

తెర మీదికి విండోలు, మౌస్ వచ్చాక ఈ పద్ధతి చాల్లేదు. 1973లో జిరాక్స్ పార్క్‌లో తయారైన ఆల్టోలో ప్రతి కీకీ మెమరీలో ఒక బిట్ ఉండేది. ఏ కీ కిందికి ఉంది, ఏది పైకి లేచింది అన్నది సాఫ్ట్‌వేరే చూసుకునేది. అయినా ఆ కీకి అర్థం ఏమిటన్న చిక్కు తీరలేదు. ఆల్టో మీద నడిచిన బ్రావో ఎడిటర్‌లో ఒకే కీ ఒకసారి అక్షరం, ఇంకోసారి ఆజ్ఞ. ఆజ్ఞ ఇవ్వాల్సిన వేళ ‘ఎడిట్’ అనే ఇంగ్లీషు మాటను టైపు చేస్తే, ‘ఇ’తో పత్రం మొత్తం ఎంపికై, ‘డి’తో చెరిగిపోయి, ‘ఐ’తో చేర్పు మొదలై, చివరికి ఒక్క ‘టి’ మిగిలేదట. ఇలాంటి మోడ్‌లే ఉండకూడదని పట్టుబట్టిన లారీ టెస్లర్, టిమ్ మాట్‌తో కలిసి 1970ల నడుమ జిప్సీ ఎడిటర్ తెచ్చాడు. అందులో కీ కొడితే అక్షరమే పడేది.

1981 నాటి ఐబీఎం పీసీ కీబోర్డు అక్షరాలను పంపడమే మానేసింది. పంపేది కీ సంఖ్య మాత్రమే: ‘ఎ’ నొక్కితే 30, వదిలితే దానికి 128 కలిపి 158. దాన్ని అక్షరంగా మార్చే పని కంప్యూటర్‌లోని బయాస్ అనే మూల ప్రోగ్రామ్‌ది. మార్చినవి 15 దాకా బఫర్‌లో నిలిచేవి. అది నిండాక ఇంకా కొడితే కంప్యూటర్ బీప్‌మనేది.

1984 జనవరిలో వచ్చిన మాకింటాష్ ప్రోగ్రామర్ల అలవాటునే తిరగేసింది. ప్రోగ్రామ్ ఇక అక్షరం కోసం కాచుకోదు; ఈవెంట్ల క్యూ ముందు నిలబడి మౌస్ నొక్కు వచ్చినా, కీ నొక్కు వచ్చినా వరుసలో అందుకుంటుంది. కీ ఈవెంట్‌లో కీ సంఖ్య, అక్షరం రెండూ ఉండేవి. విచిత్రమేమిటంటే, కీ వదిలిన ఈవెంట్‌ను సిస్టమ్ మామూలుగా ఇచ్చేదే కాదు. ఉత్తరం రాసేవారికి అది అక్కర్లేదు గానీ ఆటలు రాసేవారికి కావాలి. వాళ్లు కీబోర్డు మొత్తం స్థితిని విడిగా అడిగి తెచ్చుకునేవారు.

1985 నవంబరులో విడుదలైన విండోస్ కీ నొక్కునూ అక్షరాన్నీ వేర్వేరు సందేశాలుగా విడగొట్టింది. కీ నొక్కితే డబ్ల్యూఎం_కీడౌన్, అక్షరం పుడితే డబ్ల్యూఎం_చార్. మొదటిదాని నుంచి రెండోదాన్ని పుట్టించేది ట్రాన్స్‌లేట్‌మెసేజ్ అనే ఫంక్షన్. సందేశాల లూప్‌లో ఆ ఒక్క లైను మరిచిపోతే కీలన్నీ పనిచేస్తున్నట్టే ఉంటాయి, పెట్టెలో మాత్రం ఒక్క అక్షరమూ పడదు. ఎంఐటీలో 1984లో మొదలై 1987లో పదకొండో రూపానికి వచ్చిన ఎక్స్ విండో సిస్టమ్‌లో సర్వర్ కీకోడ్ పంపితే, దాన్ని ముందు కీసిమ్ అనే కీ గుర్తుగా, తర్వాత అక్షరంగా మార్చుకునే బాధ్యత ప్రోగ్రామ్ వైపు లైబ్రరీది.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఈ విభజన ఎంత అవసరమో కంటికి కనిపిస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో ‘క్షి’ రాయాలంటే ఇంగ్లీషు కీబోర్డు మీది కె, డి, షిఫ్ట్‌తో కామా, ఎఫ్ నొక్కాలి. కీడౌన్ ఈవెంట్లు అయిదు. పుట్టే యూనికోడ్ సంకేతాలు నాలుగు: క, పొల్లు, ష, గుడి. తెర మీద పడేది ఒకే అక్షరం. రోమన్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిలో చిక్కు ఇంకా ఎక్కువ. కె కొడితే ‘క్’, తర్వాత ఎ కొడితే ‘క’, ఇంకో ఎ కొడితే ‘కా’. అంటే పడిన అక్షరాన్ని వెనక్కి తీసి మళ్లీ రాయాలి. లేఖిని అనే తెలుగు రాత సాధనం ఈ తంటా లేకుండా రెండు పెట్టెలు పెట్టింది: ఒకదాంట్లో రోమన్, రెండోదాంట్లో తెలుగు. చైనా, జపాన్ భాషల కోసం పెరిగిన ఇన్‌పుట్ మెథడ్‌లు దీనికి వేరే దారి చూపాయి: రాత పూర్తయ్యేదాకా అక్షరాలను తాత్కాలికంగా చూపి, ఖాయమయ్యాకే ప్రోగ్రామ్‌కు అప్పగించడం.

బ్రౌజర్లలో ఈ చరిత్ర అంతా పోగుపడింది. ఇన్‌పుట్ మెథడ్ చేతిలో ఉన్న కీకి విండోస్ వాడిన 229 అనే సంఖ్య వెబ్‌లోకీ వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో క్రోమ్ తరచుగా ఏ అక్షరం తాకినా ఆ 229నే చూపుతుంది. కీసంఖ్యలతో ఫారాలను తనిఖీ చేసిన పాత కోడ్ అక్కడ బోల్తా పడింది. అక్షరాల కోసం పెట్టిన కీప్రెస్ ఈవెంట్‌ను ఇప్పుడు వాడొద్దంటున్నారు. దాని బదులు రాతకు ఇన్‌పుట్, కంపోజిషన్ ఈవెంట్లు ఉన్నాయి. కీడౌన్‌లోనూ ‘కీ’ అనేది అక్షరాన్ని చెబితే ‘కోడ్’ కీ ఉన్న చోటును చెబుతుంది. ఆటలో ముందుకు నడిపే డబ్ల్యూ కీ ఫ్రెంచి కీబోర్డు మీద జెడ్ అయినా, కోడ్‌ను చూసే ఆటకు తేడా ఏమీ ఉండదు.