మద్యవ్యసనమునకు మందు: కొంత చరిత్ర

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట ప్రాకెను. ప్రభుత్వము 1993 అక్టోబరు 1న సారాను, 1995 జనవరి 16న సమస్త మద్యమును నిషేధించెను. 1997లో ఆ నిషేధము సడలెను. దుకాణము మూతపడినంతనే వ్యసనపరుని దేహము మారునా? ఈ ప్రశ్నకు సమాధానము వైద్యశాస్త్రము చెప్పవలెను.

1948లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు హాల్డ్, జాకబ్సన్ డైసల్ఫిరామ్ గుణమును ప్రకటించిరి. మద్యము కాలేయములో ముందు ఎసిటాల్డిహైడుగను, పిదప ఎసిటిక్ ఆమ్లముగను మారును. ఈ మందు రెండవ మార్పును అడ్డగించును. అందుచే త్రాగినవాని ముఖము జేవురించి, గుండెదడ, వాంతి కలుగును. రోగికి తెలియకుండ దీనిని అన్నములో కలిపి పెట్టుట ప్రాణాంతకము కావచ్చును. 1994లో అమెరికాలో మద్యవ్యసన చికిత్సకు ఆమోదము పొందిన నాల్ట్రెక్సోన్ మార్గము వేరు. అది త్రాగుటలోని సుఖమును, తృష్ణను తగ్గించును.

మరియొక సంగతి మరువరాదు. ఏండ్లతరబడి మితిమీరి త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమణము కలిగి మరణించవచ్చును. వైద్యుని పర్యవేక్షణలో తగిన మందులు, బి1 విటమిను ఇచ్చి మాన్పించినచో ఈ గండము చాలవరకు తప్పును. తిరువూరు ప్రాంతపు ఎ.కొండూరు మొదలు ప్రతి పల్లెలోను ఈ సంగతి తెలియవలెను. వ్యసనపరుని నిందించుటకంటె ఆసుపత్రికి తీసికొనిపోవుట మేలు.